బ్యాటరీ కొత్తదే, ఎర్ర ముక్కోణం మాత్రం పాతదే

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. 2014 మోడల్ కేమ్రీ హైబ్రిడ్ కారు హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈ వేసవిలో హైబ్రిడ్ బ్యాటరీ పోయిందంటే ఒక ప్రైవేటు షాపులో మార్పించాను. రెండు నెలలు బాగా నడిచింది. ఇప్పుడు బ్యాటరీ గుర్తు నిండుగా ఉన్నది కాస్తా నాలుగైదు కిలోమీటర్లకే అడుక్కి పోతోంది, మళ్లీ అంతే తొందరగా నిండిపోతోంది. వెనక సీటు దగ్గర ఫ్యాను హోరు ఆగట్లేదు. ముసురు పట్టినప్పుడు ఎర్ర ముక్కోణం వెలిగి ‘చెక్ హైబ్రిడ్ సిస్టమ్’ అని వస్తోంది. రెండ్రోజులు ఎండ కాస్తే దానంతటదే పోతోంది. షాపువాళ్లేమో ‘కొత్త బ్యాటరీ కదా, సర్దుకోవడానికి టైం పడుతుంది’ అంటున్నారు. తెలిసినాయన ఒకరు మళ్లీ మార్చేయమంటున్నారు. మా ఊరి మెకానిక్ ఆ నారింజ రంగు వైర్లు చూసి చెయ్యి పెట్టనన్నాడు. పాత బ్యాటరీ కొబ్బరికాయల షెడ్డులో పడుంది, పాత సామాన్లవాడు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు మీ ఊరి మెకానిక్‌కి ఒక టీ ఇప్పించండి. మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో సరిగ్గా మాట్లాడింది ఆయనొక్కడే. మీ కారు వెనక సీటు వెనకాల ఉన్న హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ 244.8 వోల్టుల డీసీ. ఇంట్లో కరెంటు షాకు కొట్టి బతికినవాళ్లున్నారని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదండి, ఇది మనిషిని చంపేస్తుంది. పెద్ద వోల్టేజీని తెంచడానికి డిక్కీలో ఉండే సర్వీస్ ప్లగ్ లాగేశాక కూడా, మోటారుకి కరెంటు అందించే ఇన్వర్టర్‌లో నిలవున్న కరెంటు దిగడానికి పది నిమిషాలు ఆగమంటుంది కంపెనీ. ప్లగ్ తీసినా ప్యాక్‌లో వరసగా పేర్చిన చిన్న బ్యాటరీల్లో, అంటే మాడ్యూళ్లలో, కరెంటు అలాగే ఉంటుంది. అందుకని 1000 వోల్టులకు తగిన రబ్బరు గ్లవుజులు లేకుండా ఆ మూత ఎవరూ విప్పకూడదు. కింద నేను చెప్పేవాటిలో మీరు చేయదగ్గవి కొన్నే. మిగతావి మీరు అడిగి చేయించుకోవాల్సినవి.

మళ్లీ మార్చే మాట ఇప్పుడే వద్దు. మీరు రాసినవి మూడు వేర్వేరు ఫిర్యాదులు. గుర్తు ఎగిరిపడటం ఒకటి, ఫ్యాను హోరు ఒకటి, ముసురులో ముక్కోణం ఒకటి. మూడింటినీ కలిపి ‘బ్యాటరీ’ అనే ఒక్క మాటలో పడేస్తే షాపువాడికి సుఖం, మీకు ఖర్చు.

ముందు ‘సర్దుకోవడం’ సంగతి తేల్చేద్దాం. అందులో కొంచెం నిజం ఉంది. ఇది నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం బ్యాటరీ. గోదాములో నెలల తరబడి ఊరికే ఉంటే ఛార్జు తనంతట తనే కారిపోతుంది, అదీ అన్ని మాడ్యూళ్లలో సమానంగా కారదు. అలాంటి ప్యాక్ బిగించిన మొదటి రోజుల్లో గుర్తు కాస్త తడబడుతుంది, నడిచేకొద్దీ కుదురుకుంటుంది. కానీ మీ బండి రెండు నెలలు బాగా నడిచి ఆ తర్వాత చెడింది. సర్దుకునేది మొదట తడబడి తర్వాత బాగుపడుతుంది. మీది తిరగబడింది. కాబట్టి ఆ మాట ఇక్కడ చెల్లదు.

అసలు మీరు కొన్నది ఏమిటి? బిల్లు తీసి చూడండి. ‘హైబ్రిడ్ బ్యాటరీ’ అని మాత్రమే రాసి ఉంటే అది కొత్తదో కాదో తెలియదు. బజారులో ఈ పేరుతో అమ్మేవి చాలా రకాలు. కారు కంపెనీ ఇచ్చే కొత్త ప్యాక్ ఉంది, బయటి తయారీదారుల కొత్త మాడ్యూళ్లున్నాయి, లిథియంకి మార్చే కిట్లున్నాయి. ఇవి కాక, పాత ప్యాకుల్లోంచి బాగున్న మాడ్యూళ్లు ఏరి కూర్చే ‘రీకండిషన్’ రకం ఉంది. రెండు మూడు నెలలు బాగా నడిచి మొండికేయడం ఈ చివరి రకానికి అలవాటు. ఎందుకంటారా? మీ ప్యాక్‌లో 34 మాడ్యూళ్లు, ఒక్కోదానిలో ఆరు సెల్లులు, సెల్లుకి 1.2 వోల్టులు. అన్నీ వరసగా కలిపినవే కాబట్టి ఒకే కరెంటు అన్నిటిలోంచీ పోవాలి. కాడికి కట్టిన జతలో బక్క ఎద్దు ఎంత నడిస్తే బండి అంతే నడుస్తుంది కదా, ఇక్కడ జత బదులు ముప్ఫై నాలుగు. సత్తువ తగ్గిన మాడ్యూలు అందరికంటే ముందు ఖాళీ అవుతుంది, అందరికంటే ముందు నిండుతుంది. మీ డాష్‌బోర్డు మీద గుర్తు అంత వేగంగా పడిలేవడానికి ఇది ఒక కారణం కావచ్చు. కారు కంప్యూటరు మామూలుగా ఛార్జును 40 నుంచి 80 శాతం మధ్య తిప్పుతూ ఉంటుంది. తెర మీద ‘నిండుగా’ అని కనిపించేది ఆ 80కి దగ్గర. అంటే ఆడే చోటే తక్కువ, అందులో బలహీనమైన మాడ్యూలు ఉంటే గుర్తు కుదురుగా ఉండదు.

కావచ్చు అన్నాను. తేల్చాలంటే అంకెలు కావాలి. షాపువాళ్ల మాటా వద్దు, నా మాటా వద్దు. కంప్యూటరు ఈ 34 మాడ్యూళ్లను జతలుగా చేసి 17 బ్లాకులుగా చూస్తుంది. ఒక్కో బ్లాకు 14.4 వోల్టుల చుట్టూ ఉంటుంది, ఛార్జును బట్టి కాస్త పైకీ కిందకీ. స్టీరింగు కింద ఉండే పోర్టుకి స్కానర్ పెడితే పదిహేడు అంకెలూ వరసగా కనపడతాయి. చిన్న బ్లూటూత్ అడాప్టరు కొని ఫోన్లో యాప్‌తో కూడా చూడొచ్చు, టయోటా హైబ్రిడ్‌ల కోసమే చేసినవి ఉన్నాయి. దీనికి ఏ మూతా విప్పక్కర్లేదు, షాకు భయం లేదు. ఒకరు నడపండి, పక్క సీటులో ఇంకొకరు ఫోను పట్టుకుని చూడండి. నడిపేవాళ్లు తెర వంక చూడొద్దు, మన కాలవ గట్ల రోడ్ల మీద అసలు వద్దు. ఏటిగట్టు ఎక్కేటప్పుడు బ్యాటరీ మీద బరువు పడుతుంది, దిగేటప్పుడు బ్రేకు తొక్కితే ఛార్జు ఎక్కుతుంది. ఆ రెండు సమయాల్లోనూ స్క్రీన్‌షాట్లు తీయించండి.

ఇక ఆ అంకెలు చదవడం. ఇక్కడే అసలు సంగతంతా ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ఒక బ్లాకు ఎప్పుడూ, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నిలబడ్డప్పుడూ, మిగతావాటికంటే ఒక వోల్టు పైనే తక్కువ చూపిస్తుంటే అందులో ఒక సెల్లు చచ్చినట్టే. సెల్లుకి 1.2 వోల్టులని చెప్పాను కదా, లెక్క సరిపోతుంది. అది మాడ్యూలు తప్పు. షాపువాడు మార్చాలి, గ్యారంటీలోనే మార్చాలి.

ఒక బ్లాకు గట్టెక్కేటప్పుడు అందరికంటే కిందకి జారి, బ్రేకు తొక్కినప్పుడు అందరికంటే పైకి పోతుంటే అక్కడ నిరోధం ఎక్కువగా ఉందని అర్థం. మాడ్యూలు ముసలిదైనా ఇలాగే ఉంటుంది, మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీ వదులైనా, చిలుము పట్టినా ఇలాగే ఉంటుంది. ఈ పట్టీలను బస్ బార్లంటారు. చాలా షాపులు మాడ్యూళ్లు మార్చి పట్టీలు పాతవే బిగించేస్తాయి, కనీసం తోమవు. ఇదే తరహా మాడ్యూళ్లున్న ప్రియస్‌లో ఈ నట్లకి కంపెనీ చెప్పే బిగింపు 5.4 న్యూటన్ మీటర్లు. చక్రం నట్లయితే వంద దాటి బిగిస్తారు, దాంతో పోలిస్తే ఇది వేళ్లతో తిప్పినంత. కొలత చూపే టార్క్ రెంచి లేకుండా ‘గట్టిగా బిగించానండి’ అన్నాడంటే మాడ్యూలు మొనకున్న మర పోయి ఉండే ప్రమాదం ఉంది. తక్కువ బిగిస్తే అక్కడ వేడెక్కుతుంది.

ఇంకో చిత్రం ఉంది. ఒక బ్లాకు ఎక్కువ చూపిస్తుంది, దాని పక్క బ్లాకు సరిగ్గా అంతే తక్కువ చూపిస్తుంది. రెండూ కూడితే మామూలే. ఇది కనిపిస్తే మాడ్యూళ్ల జోలికి పోవద్దు. ఆ రెండు బ్లాకుల మధ్య వోల్టేజీ కొలిచే సన్నటి సెన్స్ వైరు మొదట్లోనో, కంప్యూటరులో గుచ్చే కనెక్టరులోనో చిలుము పట్టింది. బ్యాటరీ బాగానే ఉంది, కొలిచే వైరే అబద్ధం చెబుతోంది. ఆ కనెక్టరు పిన్నుల మీద పచ్చగా పేరుకుపోయి ఉంటుంది, గ్లవుజులు వేసుకుని మూత విప్పినవాళ్లని చూపించమంటే మీకే తెలుస్తుంది. మన వైపు ఈ అనుమానం ముందు రావాలి. సముద్రం దగ్గర, ఊరి చుట్టూ ఉప్పునీటి రొయ్యల చెరువులు, చెరువుల్లో రాత్రింబవళ్లు నీళ్లు చిమ్మే ఎయిరేటర్లు. ఆ గాలికి ఇళ్ల కిటికీ చువ్వలే నిలవవు, రాగి వైరు మొనలు నిలుస్తాయా? బ్యాటరీలోంచి బయటికి ఊరే క్షారం తడి దానికి తోడవుతుంది. హైదరాబాదులో కూర్చుని బ్యాటరీ మార్చేవాడికి ఇది తట్టకపోవచ్చు.

పదిహేడూ దగ్గర దగ్గరగా నడుస్తుంటే, అంటే తేడా పాయింటు రెండు మూడు వోల్టులకు మించకపోతే, మాడ్యూళ్ల మీద నేరం మోపకండి. అప్పుడు వెతకాల్సింది వేరే చోట.

ఫ్యాను విషయం చాలావరకు మీ చేతిలో పనే. ఈ బ్యాటరీ కారు లోపలి గాలినే పీల్చుకుని చల్లబడుతుంది. మే నెల ఎండలో నిలిపిన బండి ఎక్కినప్పుడు కాసేపు హోరు సహజం. ఏసీ వేసి లోపల చల్లబడి అరగంటయినా హోరు తగ్గట్లేదంటే మాత్రం గాలి అందట్లేదు. వెనక సీటు దగ్గర గాలి పీల్చే జాలీ మీద కుషన్లు, గొడుగు, పేపర్లు ఏమైనా పెట్టారేమో చూడండి. కొబ్బరికాయలు, పీచు, ధాన్యం శాంపిళ్లు కారులో వేస్తుంటారా? పీచు నూగు, ఊక దుమ్ము ఫ్యాను రెక్కలకి పట్టి దళసరి పొరలా అతుక్కుంటుంది. ఫ్యాను తిరుగుతుంది, చప్పుడు చేస్తుంది, గాలి మాత్రం పోదు. బ్యాటరీ మార్చినవాళ్లు ఫ్యాను విప్పి కడిగారా అని అడగండి. అలాగే ఫ్యాను నుంచి ప్యాక్‌కి వెళ్లే ప్లాస్టిక్ గొట్టం తిరిగి సరిగ్గా కూర్చోబెట్టారా, మాడ్యూళ్లకి తగిలించాల్సిన ఉష్ణోగ్రత సెన్సర్లు క్లిప్పుల్లో ఉన్నాయా లేక వేలాడుతున్నాయా అని కూడా అడగండి. వేడికి మధ్య మాడ్యూళ్లు ముందు దెబ్బతింటాయి. పై అంకెల్లో నడిమి బ్లాకులే బలహీనంగా కనిపిస్తే ఫ్యానుకీ దానికీ సంబంధం ఉండే అవకాశం ఎక్కువ.

మూడోది ముసురు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపింది ఇదే. వాన పడితే వచ్చి ఎండ కాస్తే పోయే లోపం సత్తువ లేని బ్యాటరీ లక్షణం కాదు. అది తడి లక్షణం. పెద్ద వోల్టేజీ సర్క్యూటు కారు బాడీకి ఎక్కడా తగలకుండా విడిగా ఉండాలి. ఎక్కడో తడి చేరి కొద్దిగా కరెంటు బాడీ వైపు కారితే కంప్యూటరు పట్టుకుని ముక్కోణం వెలిగిస్తుంది. స్కానర్‌లో కనిపించే దాని లోపం కోడు చాలాసార్లు పి0ఏఏ6. అదే సత్తువ పోయిన ప్యాక్ అయితే పి0ఏ80 వస్తుంది. మీ షాపువాళ్లు ఏ కోడు చూసి ఏం చెబుతున్నారో కాగితం మీద ఉండాలి. పి0ఏఏ6తో పాటు మూడంకెల ఉపకోడు కూడా ఉంటుంది. 611 ఏసీ వైపు, 612 బ్యాటరీ వైపు, 613 మోటారు, గేరుబాక్సు వైపు, 614 డీసీ వైర్ల వైపు వేలు చూపిస్తాయి. చవక స్కానర్లు చాలావాటిలో ఈ ఉపకోడు కనపడదు. అది లేకుండా ‘బ్యాటరీయే’ అనడం గుడ్డిగా అనడమే.

612 వస్తే డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్పేర్ టైరు గుంటలో నీళ్లు నిలిచాయేమో తడిమి చూడండి. వెనక లైట్ల దగ్గర రబ్బరు పాడయినా, డిక్కీ అంచు బీడింగు ఊడినా ముసురుకి లోపలికి నీళ్లు దిగుతాయి. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి మీకంటే ముందు అది వరదలో నిలిచిందో లేదో కూడా చెప్పలేం. కార్పెట్ కింద సన్నటి ఎండిన మట్టి గీత కనపడితే అదే సాక్ష్యం. లేకపోతే ఒక మాడ్యూలు ఊరుతూ ఉండి, ఆ క్షారం ట్రే మీద ఎండి, గాలిలో తేమకి మళ్లీ తడుస్తూ ఉండవచ్చు. అదైతే షాపువాడి బాధ్యతే.

611 వస్తే ఒకటి గుర్తు తెచ్చుకోండి: ఈమధ్య ఏసీ గ్యాసు కొట్టించారా? ఈ కారులో ఏసీ కంప్రెసరు బెల్టుతో కాదు, పెద్ద వోల్టేజీతో నడుస్తుంది. దానిలో ఎన్‌డీ-11 అనే ప్రత్యేకమైన నూనె వాడాలి. మామూలు కార్లకి పోసే నూనె పోస్తే లోపలి ఇన్సులేషన్ దెబ్బతిని ఇదే ముక్కోణం వస్తుంది. గ్యాసు కొట్టే యంత్రంలో అంతకుముందు బండి నూనె మిగిలి ఉన్నా చాలు. వేసవిలో బ్యాటరీ మార్చిన చోటే ఏసీ కూడా చూశారేమో కనుక్కోండి.

ముక్కోణం వెలిగి ఉండగా బండి నడుస్తున్నా ధైర్యం చేసి పంటు, అంటే రేవు దాటించే పడవ, ఎక్కించకండి. ఒకసారి ఆపేస్తే మళ్లీ బండి నడవడానికి సిద్ధమని చెప్పే ‘రెడీ’ లైటు రాకపోవచ్చు. అవతలి రేవులో ఇరుక్కుంటే మీ వెనకున్న బండ్లవాళ్లందరి తిట్లూ తినాలి.

‘రెడీ’ అన్నాను కాబట్టి డిక్కీలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ గురించి కూడా. హైబ్రిడ్‌లో ఇంజను తిప్పేది ఇది కాదు. కంప్యూటర్లను లేపి, పెద్ద బ్యాటరీని సర్క్యూటులోకి కలిపే స్విచ్చుల్లాంటి రిలేలను మూసేది ఇది. ఇది నీరసించినప్పుడు సంబంధం లేని హెచ్చరికలన్నీ గుంపుగా వస్తాయి, పెద్ద బ్యాటరీయే పోయిందేమో అనిపిస్తాయి. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే మల్టీమీటరు పెడితే 12.5 దరిదాపుల్లో ఉండాలి. 12 కంటే కిందకి పోతే మార్చే ఆలోచన చేయండి. రెడీలో ఉన్నప్పుడు 14 దగ్గర్లో కనిపించాలి. మార్చాల్సి వస్తే నీళ్లు పోయక్కర్లేని, సీలు వేసిన ఏజీఎం రకమే, గాలి గొట్టం తగిలించేదే తీసుకోండి. ట్రాక్టరుకి వేసే నీళ్ల బ్యాటరీ డిక్కీలో పెట్టించుకుంటే యాసిడ్ ఆవిరి కనెక్టర్లను తినేస్తుంది. ట్రాకరు, కెమెరా లాంటివి తర్వాత తగిలించి ఉంటే రాత్రిపూట దాన్ని తాగేది అవే కావచ్చు. బండి నెలల తరబడి ఊరికే నిలబెట్టే అలవాటుంటే, గల్ఫ్ వెళ్లొచ్చే మనవాళ్ల ఇళ్లలో ఇది మామూలే కదా, రెండు నెలలకోసారైనా ఎవరిచేతనైనా అరగంట రోడ్డు మీద తిప్పించండి.

సర్వీస్ ప్లగ్ లోపమూ ఒకటుంది గానీ మీ కేసులో దాని మీద నాకు ఆశ తక్కువ. పిడిని లోపలికి తోసి, లేపి, చివరిదాకా జరిపి కూర్చోబెట్టకపోతే బండి రెడీకే రాదు. మీది వస్తోంది.

షాపువాళ్లతో మాట్లాడేటప్పుడు గట్టిగా అరిచి లాభం లేదండి. ఫోనులో కాదు, వాట్సాప్‌లోనో ఉత్తరంలోనో అడగండి. ప్యాక్ కొత్తదా, రీకండిషనా? మాడ్యూళ్ల సీరియల్ నంబర్లు ఏవి? బస్ బార్లు, సెన్స్ వైర్లు మార్చారా? ఉపకోడుతో సహా స్కాన్ కాగితం ఇస్తారా? జవాబు రాతలో ఉంటేనే పనికొస్తుంది. కొత్తదని బిల్లు ఇచ్చి పాత మాడ్యూళ్లు బిగించారని తేలితే 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కేసులు అక్కడే, రెండేళ్ల గడువు ఉంటుంది. స్కాన్ మాత్రం ఆ షాపులోనే కాకుండా రాజమండ్రిలోనో కాకినాడలోనో కంపెనీ సర్వీసులో ఇంకోసారి చేయించండి. దాని ఖర్చు రెండో బ్యాటరీ ముందు లెక్కలోది కాదు.

అక్కడికి బండి నడవక మోయించాల్సి వస్తే పూర్తిగా లారీ మీదకెక్కించి తీసుకెళ్లమనండి. తాడు కట్టి లాగొద్దు. ముందు చక్రాలు రోడ్డు మీద దొర్లితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, ఇంకో ఖర్చు నెత్తిన పడుతుంది.

షెడ్డులో ఉన్న పాత ప్యాక్‌ని పాత సామాన్లవాడికి ఇవ్వకండి. ‘పోయిన’ బ్యాటరీలో కూడా మనిషికి ప్రమాదమైనంత వోల్టేజీ ఉంటుంది. వాడు సుత్తితో కొడితే లోపలి క్షారం కళ్లలో పడుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం దాన్ని రీసైకిల్ చేసేవాళ్లకి చేర్చే దారి తయారీదారులు చూపించాలి. మీరు కూడా దాన్ని ఇంటి చెత్తలో కలపకుండా అప్పగించాలి. అయితే షాపుతో ఈ గొడవ తేలేదాకా ఇవ్వకండి. పాతదాని సీరియల్ నంబర్లు, కొత్తదాని నంబర్లు పక్కపక్కన పెట్టి చూడాల్సి రావచ్చు. అప్పటిదాకా షెడ్డుకి తాళం వేసి, పిల్లలూ కాయలు ఒలిచేవాళ్లూ దాని దగ్గరికి పోకుండా చూడండి. పైన తడి తగలకుండా పరదా కప్పండి.

స్క్రీన్‌షాట్లు తీశాక పదిహేడు బ్లాకుల అంకెలూ, పక్కన గట్టెక్కేటప్పుడో దిగేటప్పుడో రాసి పంపండి. ముసురు రోజున తీసినవి, ఎండ రోజున తీసినవి విడివిడిగా ఉంటే ఇంకా మంచిది.